శనివారం జనంలో నేనూ ఒకదాన్ని

మా ఊరు వాడపల్లి. కోనసీమలో ఆత్రేయపురం మండలం, గౌతమీ గోదావరి గట్టు పక్కన. ఒకప్పుడు ఊరి పేరు చెప్తే రావులపాలెం దగ్గరనీ, పూతరేకుల ఆత్రేయపురం దగ్గరనీ గుర్తులు చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. హైదరాబాదులో క్యాబ్ డ్రైవరు కూడా అద్దంలోంచి నా మొహం చూసి, "ఏడు శనివారాల వెంకన్న ఊరా మేడమ్? మా ఆవిడకి ఇంకా రెండు వారాలున్నాయి" అంటాడు. వరసగా ఏడు శనివారాలు వచ్చి, వచ్చిన ప్రతిసారీ గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేస్తే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. నా చిన్నప్పుడు శనివారం అంటే కాసిని పూల బుట్టలు, రెండు కొబ్బరికాయల బడ్డీలు. ఇప్పుడు శుక్రవారం రాత్రి నుంచే కార్లు మొదలవుతాయి.

రెండేళ్ల కిందట అలాంటి ఒక శనివారం పొద్దున్నే మా నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆటో వీధి చివరదాకా వెళ్లి ఆగిపోయింది. ముందు కార్లు, వెనక కార్లు, మధ్యలో జనం. పావుగంట దారికి గంట దాటింది. నాన్న బతికారు. కానీ గుండె కొంత దెబ్బతిందని, ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టరు అన్నారు. నాన్న ఇప్పుడు గట్టు మీదకి కూడా ఆగి ఆగి ఎక్కుతారు.

అప్పట్నుంచీ శనివారం జనమంటే నాకు ఒళ్లుమంట. వీళ్ల ఊళ్లలో దేవుళ్లు లేరా? ఒక మనిషి కోరిక ఇంకో మనిషి వీధిని ఎంతవరకు ఆక్రమించొచ్చు? ఈ ప్రశ్న మనసులో వేసుకున్నప్పుడల్లా నేను ఎటువైపు ఉన్నానో నాకు అనుమానం ఉండేది కాదు. నేను వీధి వైపు.

కిందటి నవంబరులో పెళ్లై ఐదేళ్లైందని మేమిద్దరం క్యోటో వెళ్లాం. ఐదు రోజులు, నాలుగు రాత్రులు. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం మా ఉద్యోగాల్లో చిన్న విషయం కాదు. పద్నాలుగు లక్షల పైచిలుకు జనం ఉండే నగరం అది. మాపుల్ ఆకులు ఎర్రబడే కాలం కావడంతో లోకమంతా అక్కడే ఉన్నట్టుంది.

మొదటిరోజు ఫుషిమి ఇనారి గుడికెళ్లాం. ఇనారి వరికి దేవత. నక్కలు ఆ దేవతకి దూతలు, కొన్ని విగ్రహాల నోట్లో వరికంకులు కూడా ఉంటాయి. వరిపిండితో రేకులు తీసే ఊళ్ల పక్కన పుట్టినదాన్ని, ఎక్కడో చుట్టాలింటికి వచ్చినట్టు అనిపించింది. కొండ మీదకి వేల సంఖ్యలో ఎర్ర తోరణాలు. దిగేటప్పుడు చూస్తే వాటి వెనక దాతల పేర్లు, తేదీలు రాసున్నాయి. "మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద రాసినట్టే" అని ఇద్దరం నవ్వుకున్నాం.

రెండోరోజు సిటీ బస్సెక్కాం. క్యోటోలో వెనక తలుపులోంచి ఎక్కి, ముందు డ్రైవరు పక్కన 230 యెన్లు వేసి దిగాలి. హోటల్ మారుతున్నాం కాబట్టి మా దగ్గర రెండు పెద్ద సూట్‌కేసులున్నాయి. మాలాంటివాళ్లే బస్సు నిండా. ఒక స్టాపులో కూరల సంచీ పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. తలుపు తెరుచుకుంది. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఆవిడ ఒక్క క్షణం నా సూట్‌కేసు వైపు చూసి వెనక్కి జరిగింది. కోపంగా కూడా చూడలేదు. తలుపు మూసుకుంది. మా అమ్మ వయసే ఉంటుంది.

"మనం దిగిపోదామా?" అన్నాడు మా ఆయన. తర్వాతి స్టాపులో దిగి సూట్‌కేసులు లాక్కుంటూ నడిచాం. దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదని ఇద్దరికీ తెలుసు. మా ఖాళీలోకి ఇంకో ఇద్దరు ఎక్కారు కూడా.

క్యోటో వాళ్లకి ఇదంతా కొత్త కాదు. అందరూ కొనే ఒక్కరోజు బస్సు పాసు అమ్మకాన్ని 2023లో ఆపేశారు. 2024 జూన్‌లో పర్యాటకుల కోసం 500 యెన్ల ఎక్స్‌ప్రెస్ బస్సులు వేరేగా వేశారు, మామూలు బస్సులు ఊరివాళ్లకి కాస్త ఖాళీ అవుతాయని. గియోన్‌లో కొన్ని సొంత సందుల్లోకి వస్తే పదివేల యెన్ల జరిమానా అని బోర్డులున్నాయి. 2024లో జపాన్‌కి వచ్చిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షల మంది. ఈ రద్దీకి వాళ్లు పెట్టుకున్న పేరు "కాంకో కోగై", పర్యాటక కాలుష్యం. కోగై అంటే మినమతా లాంటి చోట్ల ఫ్యాక్టరీలు చేసిన కాలుష్యానికి వాడిన మాట. అంటే ఆ ఊరి లెక్కలో నేను పొగ.

నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. మేమిద్దరమే కదా, ఐదు రోజులే కదా, డబ్బు ఖర్చు పెడుతున్నాం కదా. చిక్కేమిటంటే శనివారం మా వీధిలో కారు ఆపిన ప్రతివాడూ సరిగ్గా ఇదే చెప్తాడు. నా ఒక్క కారే కదా, అరగంటే కదా, ఊరికి వ్యాపారం కదా. పైగా వాళ్ల వాదన నాదానికంటే గట్టిది. పిల్లలు పుట్టాలనో, అప్పు తీరాలనో, జబ్బు తగ్గాలనో మొక్కుకుని ఏడు వారాలు వచ్చేవాళ్లు వాళ్లు. నేను ఎర్రటి ఆకులు చూడ్డానికి వచ్చాను. అవసరాన్ని బట్టి హక్కు ఇవ్వాల్సి వస్తే ముందు తిప్పి పంపాల్సింది నన్నే.

పోనీ ఎవరి ఊళ్లో వాళ్లుండాలి అందామా? దానికీ మనసొప్పదు. 1931లో మా ఊరి రథోత్సవంలో రథం మీద గాంధీ పటం పెట్టినందుకు పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. రథోత్సవానికి ఊరివాళ్లొక్కరే వస్తారా? ఆ రోజు జనం రాకపోతే మా ఊరికి చెప్పుకోడానికి ఆ చరిత్రే లేదు. గుడైనా, నగరమైనా, వచ్చినవాళ్లు కూడా కలిసి కట్టిందే.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి బస్సు సంగతి చెప్పాను. అమ్మ ప్రతి శనివారం గేటు దగ్గర రెండు బిందెల మంచినీళ్లు పెడుతుంది. ఆడవాళ్లు అడిగితే బాత్రూమ్ తలుపు తీస్తుంది. నాన్నకి అలా అయ్యాక కూడా మానలేదు, అందుకే తన మీద కూడా నాకు కోపం.

"ఊరికే ఎవరొస్తారే ఏడు వారాలు? ఏదో కష్టం లేకపోతే" అంది. కాసేపాగి, "ఆ రోజు ఆటో ముందు పరిగెత్తి కార్లన్నీ పక్కకి తీయించింది ఎవరనుకున్నావ్? మాల వేసుకున్న కుర్రాళ్లు ఇద్దరు. ఏ ఊరో కూడా తెలీదు. వాళ్లు లేకపోతే ఆ గంట రెండు గంటలయ్యేది" అంది.

ఈ మాట అమ్మ అంతకుముందూ చెప్పిందట. నేనే వినలేదు.

అయితే మంచి మనుషులుంటే చాలని నేననను. ఆ కుర్రాళ్లు రాని శనివారం కూడా ఉంటుంది. వెళ్లే హక్కు అందరికీ ఉంది, కానీ అక్కడ బతికేవాళ్ల దారి మూసే హక్కు ఎవరికీ లేదు, మొక్కున్నవాడికైనా సరే. ఆ దారిని వచ్చేవాళ్ల మర్యాదకి వదిలేస్తే సరిపోదు. ఎవరికి వాళ్లం ఒక్కళ్లమే అనుకుంటాం కాబట్టి, లెక్క మొత్తంగా చూసి నియమం పెట్టేవాళ్లు కావాలి. శనివారం ఒక అంబులెన్సు పట్టేంత దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచాలని అడగడం భక్తికి అడ్డం కాదు. క్యోటోలో నన్ను వేరే బస్సెక్కమంటే అది అవమానమూ కాదు. మిగిలిన మూడు రోజులూ ఆ 500 యెన్ల బస్సులు ఉన్న చోట అవే ఎక్కాం, లేనిచోట నడిచాం. సూట్‌కేసులు స్టేషన్ లాకర్లో పెట్టాం. ఆ ముసలావిడకి ఇవేవీ చేరవు, తెలుసు.

ఫోను పెట్టేసే ముందు అమ్మ అడిగింది: "అంత నడిచారు కదా, అక్కడ ఎవరైనా మంచినీళ్లిచ్చారా?"

"వీధికో మెషీన్ ఉంటుందమ్మా, నాణెం వేస్తే బాటిల్ వస్తుంది."

"అయ్యో" అంది అమ్మ.

వచ్చే నెల ఇంటికెళ్తున్నాం. టికెట్లు చూస్తే శుక్రవారం రాత్రికే దొరికాయి. శనివారం పొద్దున్న ఆ రెండో బిందె నేనే మోస్తానని చెప్పాను. నాన్న నవ్వి, ముందు ఊళ్లోకి రాగలిగితే చూద్దాంలే అన్నారు.