మతం గడిలో ఏం రాయించాలి?

నేను గుడికెళ్లను, పూజ చెయ్యను. కనుమనాడు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మాత్రం వెళ్తాను. ఒంట్లో ఓపికున్న రోజుల్లో ప్రభకి భుజం కూడా పట్టాను. అది ఊరి పండగ, ఊళ్లోవాణ్ణి కాబట్టి నా పండగే. మరి నా మతమేమిటంటే ఊళ్లో ఎవరికీ ఆ ఆరా అక్కర్లేదు. జనాభా లెక్కలవాళ్లకే కావాలి. 2021లో రావలసినవాళ్లు రాలేదు గానీ, 2027 మార్చి 1ని లెక్కతేదీగా పెట్టారు కాబట్టి ఆ ప్రశ్న మళ్లీ గుమ్మంలోకి వస్తోంది.

2011లో వచ్చిన ఎన్యూమరేటరు మా వీధి బడి మాస్టారే. ఆ ఫారంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన మతాలకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలుండేవి. వేరే ఏదైనా అయితే పేరు పూర్తిగా రాయాలి. అరుగు మీద కూచుని ఇంటిపేరు రాసిన ఊపులోనే మతం గడిలో ఒకటి వెయ్యబోయాడాయన. నాకు మతం లేదన్నాను. “అదేంటండీ, మొన్న మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం ప్రసాదం తిన్నాను కదండీ!” అన్నాడు. వ్రతం మా ఆవిడది. ఇంటికంతటికీ ఒకే మతం ఉండాలన్నది ఆయన లెక్క. నిజానికి ఎవరేది చెబితే అదే రాయాలని, అది నిజమో కాదో తేల్చే పని ఎన్యూమరేటరుది కాదని సూచనల్లోనే ఉంది.

ఆ లెక్కల్లో 121 కోట్ల జనంలో మతం చెప్పనివారు 28 లక్షల 67 వేలు. నాస్తికులమని రాయించుకున్నవారు 33 వేల పైచిలుకు మాత్రమే. దేవుణ్ణి నమ్మకపోవడం మన ప్రాంతానికి కొత్తా కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా, నాస్తికుడన్న కారణంగానే 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. ఆయన కొడుకు లవణం, దళిత కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. ఆ ఇంట్లో దేవుణ్ణి వదలడం, కులాన్ని వదలడం ఒకే పనిగా సాగాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021లో 37 శాతం మంది మతం లేదన్నారు. అక్కడ ఆ జవాబుకి ఫారంలోనే ఒక గడి ఉంది. మన 2011 ఫారంలో అంకెలున్నది మతాలకే.

“హిందువంటే సంస్కృతి కదా, ఒకటి వేయించుకుంటే పోయేదేముంది?” అంటారు కొందరు. ప్రభల తీర్థం నా సంస్కృతే, కాదనను. కానీ ఆ గడి సంస్కృతిని అడగడం లేదు. రేపు ఎవరో వేదికెక్కి “మేమింతమందిమి” అన్నప్పుడు ఆ మొత్తంలో నా తల కూడా ఉంటుంది. నేను ఒప్పుకోని మాటకి నా తల అరువివ్వడం నాకిష్టం లేదు.

ఈ మాటే రాజోలు వైపు మిత్రుడితో అన్నాను. ఆయనా దేవుణ్ణి నమ్మడు. ఇంట్లో అంబేద్కర్ పటం ఒక్కటే ఉంటుంది. “మీకు పోయేదేం లేదండీ మాస్టారూ. మేం అలా రాయిస్తే మా పేట ఎస్సీ లెక్కలో తలలు తగ్గిపోతాయండీ” అన్నాడు. ఆయన లెక్క సరైనదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాలను మొదట ప్రధానంగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. జనగణనలో ఎస్సీ అని నమోదవ్వాలన్నా ఆ మూడింటిలో ఒకటి ఉండాలి. అమలాపురం లోక్‌సభ స్థానం, రాజోలు, పి.గన్నవరం, అమలాపురం అసెంబ్లీ స్థానాలు ఎస్సీలకు రిజర్వయినవి. ఆ సీట్ల వాటాకి ఆధారం జనాభా లెక్కే. 1948 చట్టం ప్రకారం ఎవరి ఫారమూ ఇంకొకరు తెరిచి చూడ్డానికి లేదు కాబట్టి ఆయన కుల సర్టిఫికెట్టుకి ఢోకా లేదు. తగ్గేది సమూహం బలం. అందుకే ఆయన బౌద్ధమని రాయిస్తానంటున్నాడు. దేవుడి ఊసెత్తక్కర్లేని దారి అది, పేట లెక్కా నిలబడుతుంది.

కాబట్టి నమ్మకం లేనివాళ్లందరికీ ఒకే జవాబు నూరిపోయడం అన్యాయం. నాబోటి వాడికి “మతం లేదు” అనడం ఖర్చులేని నిజం. ఖర్చు లేనప్పుడు కూడా నోరు మెదపకపోతే అది బద్ధకమే. ఆ నిజానికి మూల్యం చెల్లించాల్సి వచ్చేవాణ్ణి పిరికివాడనే హక్కు మాత్రం నాకు లేదు.

ఇంట్లో కూడా అంతే. కుటుంబ యజమాని అందరి తరఫునా జవాబు చెప్పేసే అలవాటు మనది. ప్రశ్న మాత్రం మనిషి మనిషికీ విడిగా ఉంది. నాకు మతం లేదని రాయించి, అదే ఊపులో మా ఆవిడకీ అలాగే రాయిస్తే, ఆ మాస్టారు నాకు చేయబోయిందే నేనామెకి చేసినట్టు. ఈసారి ఫోన్లో మనమే వివరాలు నింపుకోవచ్చట. ఫోను ఎవరి చేతిలో ఉన్నా సరే, ఆ గడి దగ్గర ఆగి ఇంట్లో ఒక్కొక్కరినీ పిలిచి అడిగి, వాళ్లు చెప్పిందే నొక్కాలి.