మూఁత తెఱవరాని సొత్తు

ఒక వస్తువు నాది యని చెప్పుటకు నాకుఁ గల యాధారమేమి? వెల యిచ్చి కొంటిని, రసీదు నాయొద్ద నున్నది, కావున నది నాది. లోకవ్యవహారమున కింతమాత్రము చాలును. మన ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు మాత్ర మింతటితోఁ దృప్తి చెందక, స్వత్వమన నేమి యని చాల దూరము విచారించిరి. వస్తువును దన యిచ్చవచ్చినట్లు వినియోగించుకొనఁ దగియుండుటయే స్వత్వమునకు గుఱుతని వారిలోఁ గొందఱు పలికిరి. పండితసభలకే చెల్లినదని నేననుకొన్న యీ పాత చర్చ మొన్న నొక సెల్‌ఫోను మరమ్మతు కొట్టులో జ్ఞప్తికి వచ్చినది.

నా ఫోను కొని మూఁడేండ్లయినది. అద్దము పగులలేదు, మాట స్పష్టముగా వినవచ్చుచున్నది. బ్యాటరీ మాత్రము మధ్యాహ్నపు బడిగంట మ్రోఁగులోపలనే చల్లఁబడుచుండెను. క్రొత్త బ్యాటరీ వేయించిన సరిపోవునని దానిఁ గొట్టునకుఁ గొనిపోతిని. అచటి కుఱ్ఱవాఁడు పని యెఱిఁగినవాఁడు. ఫోనును బోర్లఁ ద్రిప్పి చూపి, “దీనికి మూత లేదు మాస్టారూ! వెనక అద్దం జిగురుతో అతికించారు. వేడి పెట్టి ఊడదియ్యాలి. పగిలితే నా పూచీ లేదు. ఆ ఖర్చుకి ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తుంది గదండీ” అనెను. ఆ యుదయముననే యెనిమిదవ తరగతి బాలురకు మితవ్యయమును గుఱించి పాఠము చెప్పి వచ్చినవాఁడను. నాకు సిగ్గు కలిగినది. వెనువెంటనే, ఈ సిగ్గు పడవలసినవాఁడను నేనేనా యను సందేహమును గలిగినది.

మా తల్లిగారి చేతిలోనిది వేఱొక ఫోను. నోకియా కంపెనీవారు 2003వ సంవత్సరమున విడుదల చేసిన 1100 అను రకము. మన దేశమువంటి తావులను దలఁచి చేసిన వస్తువది. దుమ్ము చొరకుండ మీటలన్నిటిపైఁ బఱచిన యొకే రబ్బరుపొర, చెమటచేత జాఱకుండఁ బ్రక్కల గరుకు, కరెంటు పోయినపుడు దారి చూపుటకుఁ దలపై నొక చిన్న టార్చిదీపము. దాని విశేషము లివియే. లోకమున 25 కోట్లకు మించి యమ్ముడుపోయినది. బ్యాటరీ ముసలిదైనప్పుడెల్ల మా యమ్మగారే వీఁపుమూఁతను బొటనవ్రేల నొక్కి జాఱ్చి, పాతదానిఁ దీసి క్రొత్తదానిఁ బెట్టుకొందురు. ఆమె చదివినది నాలుగవ తరగతి. సంస్కృతము, ఆంగ్లము నేర్చిన నేను నా ఫోను ముందఱఁ జేతులు కట్టుకొని నిలువవలసి వచ్చినది.

పాతది మంచిది, క్రొత్తది చెడ్డది యని నేను చెప్పఁబోవుటలేదు. 1973 ఏప్రిల్ 3వ తేదిని న్యూయార్కు వీథిలో నిలుచుండి మార్టిన్ కూపరు మాటలాడిన చేతిఫోను బరువు కిలోగ్రామునకు మించినది. 1983లో అమెరికాలో నమ్మకమునకు అనుమతి పొందిన మోటరోలా ఫోనునకు వెల దాదాపు 4,000 డాలర్లు. మాటలాడుటకు బలము అరగంట. నాఁటినుండి నేఁటివఱకు జరిగిన మార్పులు పెక్కు మేలైనవే. తెరమీఁది యక్షరములను జదివి వినిపించు నేర్పాటుచేత నంధులు తమకు వచ్చిన యుత్తరములను బరులకుఁ జూపక తామే తెలిసికొనుచున్నారు. ఇట్టి క్రొత్తదనమును నిందించువాఁడు మూఢుఁడు.

2007లో ఆపిల్ కంపెనీవారి ఐఫోను వచ్చినది. కొనినవాఁడు తనంతఁ దాను బ్యాటరీ తీయుటకు వీలులేని ఫోనది. క్రమముగాఁ దక్కినవారు నా దారినే పట్టిరి. 2016లో ఆ ఫోనునకుఁ జెవితీఁగెల రంధ్రము పోయినది; 2020లో పెట్టెలోని ఛార్జరు పోయినది. వారు చెప్పు కారణములు లేకపోలేదు. మూఁత లేనిచో ఫోను పలుచనగును, పెద్ద బ్యాటరీ పట్టును, నీరు చొరదు. ఇందుఁ గొంత సత్యమున్నది. నా ఫోను సయితము వానలోఁ దడిసి బ్రదికినదే. ఐనను 2014లో సామ్‌సంగువారు చేసిన గెలాక్సీ ఎస్5 అను ఫోను వెనుకమూఁత తెఱవ వీలై యుండియు, మీటరు లోఁతు నీట నరగంట యున్నను జెడకుండునట్లు చేయఁబడినది. కావున నిది సాధ్యముకాని పని యని నమ్ముట నాకుఁ గష్టము.

జిగురుతో నతికినది కంటికిఁ గనఁబడు మూఁత. కనఁబడని మూఁత యింకొకటి గలదు. బ్యాటరీ బలము తగ్గిన కొన్ని పాత ఫోనుల వేగమును దాము పంపిన సాఫ్ట్‌వేరు మూలమునఁ దగ్గించుచున్నట్లు 2017 డిసెంబరులో ఆపిల్‌వా రొప్పుకొనిరి. ఫోను హఠాత్తుగా నాఱిపోకుండుటకే యట్లు చేసితిమనిరి. క్షమాపణ కోరి, బ్యాటరీ మార్చుటకుఁ బుచ్చుకొను సొమ్మును 79 డాలర్లనుండి 29 డాలర్లకుఁ దగ్గించిరి. వారి యుద్దేశము మంచిదే యనుకొందము. నా గేదెకు, దాని యారోగ్యము కొఱకే యైనను, పాలు తగ్గించు మందును నాకుఁ దెలుపక పెట్టి పోయిన పశువైద్యునితో నేనేమందును? గేదె యెవరిదని యడుగనా? తమ ఫోను ముసలిదైనదని తలఁచి క్రొత్తది కొనినవారికి, బ్యాటరీ మార్చిన నది మరల పరుగెత్తునని యెవరు చెప్పిరి?

మా యింటనే యొక యాక్షేపణ వచ్చినది. “నాన్నగారూ, ఎవరూ బలవంతంగా అమ్మడం లేదు కదా! పల్చగా, మెరిసేదిగా కావాలని మనమే అడుగుతున్నాం” అని మా అమ్మాయి యన్నది. త్రోసివేయఁదగిన మాట కాదు. 2019లో మడతపడు ఫోను సిద్ధమైనపుడు, తెరమీఁది పలుచని పొరను బైకవరనుకొని కొందఱు పరీక్షకు లూడఁదీయఁగాఁ దెరలు చెడి, సామ్‌సంగువారు దాని విడుదలను గొన్ని నెలలు వాయిదా వేసిరి. తుద కది మన దేశమునకు వచ్చినపుడు వెల లక్షన్నర రూపాయలు దాఁటినను గొనువారు దొరకిరి! తృష్ణ మనదే. దానిని గంపెనీలమీఁదికి నెట్టరాదు.

అయితే నా సందేహము ఆశపడువానిని గుఱించినది కాదు, ఆశపడనివానిని గుఱించినది. చినిఁగిన పంచెకుఁ గుట్టు వేసికొనువానిని, తెగిన చెప్పు కుట్టించుకొనువానిని మితవ్యయి యందుము. ఆ గుణమునకు సూదియు, దారమును, చెప్పులు కుట్టువాఁడును గావలయును. సూది దిగని గుడ్డ నమ్మి, చినిఁగినపుడు పాఱవేయుచున్నావని కొనినవానిని దూషించుట ధర్మమా? మేము బడులలో గుణమును బోధింతుము. అది నిలుచుటకుఁ గావలసిన సాధనములు మిగిలియున్నవో లేవో చూడము. ఇది సామాన్యమైన లోపము కాదు. ఫోను బ్యాటరీలలో వాడు కోబాల్టులో సగమునకు మించి కాంగో దేశపు గనులనుండి వచ్చుచున్నది. అచటఁ గొన్ని తావుల నా తరగతి బాలుర యీడువారు సయితము దానిని ద్రవ్వి తీసిరి. పాడుగాని ఫోనును బాఱవేయునపుడు వారి కష్టమునుగూడఁ బాఱవేయుచున్నాము.

ఫోనులవంటి వస్తువులలోని బ్యాటరీని, కొన్ని మినహాయింపులతో, కొనినవాఁడే మార్చుకొన వీలుండవలెనని ఐరోపా సమాఖ్యవారు 2023లో శాసనము చేసి, 2027 ఫిబ్రవరి 18వ తేదిని గడువుగాఁ బెట్టిరి. మన కేంద్ర ప్రభుత్వమును మరమ్మతు హక్కును విచారించుట కొక సంఘమును 2022లో నియమించినది.

నేను మఱునాఁ డా కొట్టునకే పోయి, పగిలిన నాదే పూచీ యని చెప్పి ఫోను నిచ్చితిని. కుఱ్ఱవాఁడు దానిని వేఁడిపలకపై నుంచి, పలుచని రేకుతో నంచుల వెంబడి మెల్లఁగాఁ గోయుచుండఁగా 40 నిమిషములు ప్రక్కనే నిలుచుంటిని. అద్దపు మూల నొక వెండ్రుకవంటి చీలిక వచ్చినది. బ్యాటరీ మాఱినది. “ఇక వానలో బయటికి తియ్యకండి” అని చెప్పి పంపినాఁడు. రేపు తరగతిలో మితవ్యయ పాఠము తరువాయి చెప్పవలసియున్నది. ఫోను బల్లపైఁ బెట్టుకొని చెప్పుదును. బాలురలో నెవఁడో యొకఁ డా చీలికను జూచి యడుగకపోఁడు.