గీత పడ్డా మాట తప్పని బిళ్ల

సీడీ అడుగున వెలుగు చేసే పని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పన్నెండు సెంటీమీటర్ల బిళ్ల, మందం 1.2 మిల్లీమీటర్లు. జనగామలో ఎవరి పెండ్లి వీడియోనో, మహబూబాబాద్‌లో దుకాణంలో కొట్టించుకున్న నూటయాభై పాటలో, భూపాలపల్లిలో కొన్న సమ్మక్క సారలమ్మ జాతర పాటలో, ఏవైనా ఆ తళతళలోనే ఇమిడిపోయాయి.

లోపలి నుంచి అంచు దాకా సుడి తిరుగుతూ పోయే ఒకే ఒక్క దారి దానిలో ఉంది. విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. చుట్టుకూ చుట్టుకూ నడుమ ఎడం 1.6 మైక్రాన్లే. వెంట్రుక మందంలో నలభై చుట్లు పడతాయి. దారి పొడుగునా గుంటలు, వాటి నడుమ చదును. 780 నానోమీటర్ల లేజర్ వాటిని తడుముతూ పోతుంది. గుంట లోతు, ప్లాస్టిక్‌లో ఆ కాంతి అల పొడవుకు దాదాపు నాలుగో వంతు. అందుకే గుంట నుంచి మళ్లిన వెలుగూ, పక్కన చదును నుంచి మళ్లిన వెలుగూ కలిసి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. రెండు వెలుగులు కలిస్తే చీకటి! గుంట ఒకటి, చదును సున్నా అనుకుంటాం గానీ, అది నిజం కాదు. గుంట మొదలయ్యే అంచు ఒకటి, ముగిసే అంచు ఒకటి. మిగతా దూరమంతా సున్నాలే. దారి తీరు మారిన చోటే మాట ఉంది.

ఆ దారి లేజర్ ముందు ఒకే వేగంతో సాగాలి. అందుకే ప్లేయర్ లోపలి చుట్ల దగ్గర నిమిషానికి 500 సార్లు తిప్పి, అంచుకు చేరేసరికి 200 సార్లకు నెమ్మదిస్తుంది. అడుగు ముఖాన మిల్లీమీటరుకు కాస్త తక్కువ వెడల్పుతో దిగిన కాంతి, ప్లాస్టిక్ దాటి గుంటల దగ్గరకు వచ్చేసరికి రెండు మైక్రాన్ల లోపుకు కుదించుకుంటుంది. ఆ ముఖం మీది దుమ్మూ వేలిముద్రా ఆ చూపుకు ఆనవు.

అయినా గీతలు పడతాయి. ఆ సంగతి దీన్ని చేసినవాళ్లకు ముందే తెలుసు. నా ఆశ్చర్యమంతా అక్కడే.

పోయినదాన్ని పూరించడం మనకు కొత్త కాదు. జనగామ జిల్లాలోనే పోతన ఊరు బమ్మెర ఉంది. పోతన భాగవతంలో కొంత శిథిలమైతే ఐదో స్కంధాన్ని బొప్పరాజు గంగన, ఆరోదాన్ని ఏర్చూరి సింగన, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయ పూరించారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ పోయినవి పోతన పద్యాలు, వచ్చినవి వాళ్ల పద్యాలు. సీడీలో పోయిన అక్షరమే, ఏ మార్పూ లేకుండా తిరిగొస్తుంది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు 1960లో ఒక లెక్క రాశారు. అసలు అక్షరాలతో పాటు వాటి నుంచి పుట్టిన సాక్షి అక్షరాలు కొన్ని చేర్చి ఉంచితే, కొన్ని చెడిపోయినా మిగిలినవాటిని బట్టి వాటిని రాబట్టవచ్చు. ఫిలిప్స్, సోనీ ఇంజినీర్లు ఆ లెక్కను సీడీలోకి తెచ్చారు. పైగా పక్కపక్క అక్షరాలను దూరదూరంగా చెదరగొట్టి రాయించారు. గీత ఒకే చోట పడుతుంది. నష్టం మాత్రం చాలా వరుసలకు తలా కాస్త పంచుకుపోతుంది. ఇంచుమించు రెండున్నర మిల్లీమీటర్ల మేర వరుసగా చెడినా ఒక్క అక్షరం పోదు. 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి ప్లేయర్లోనే ఈ నేర్పు ఉంది.

అంతకు మించి చెడితే పాటల సీడీ అయితే ప్లేయర్ అటూ ఇటూ ఉన్న స్వరాలను చూసి నడుమదాన్ని ఊహించుకుంటుంది, చెవి పట్టదు. ఫైలుకు ఊహ పనికిరాదు, ఒక్క అక్షరం తేడా వచ్చినా చెడిపోతుంది. అందుకే ఫైళ్ల సీడీలో ఒక్కో సెక్టారుకు 2,352 బైట్ల చోటుంటే మనకిచ్చేది 2,048. మిగిలిన చోటు ఆనవాళ్లకూ, మరిన్ని సాక్షి అక్షరాల రెండో కాపలాకూ పోతుంది. వీసీడీ బొమ్మకు ఆ రెండో కాపలా లేదు, 2,324 బైట్లూ బొమ్మకే. తెర మీద పెండ్లికూతురి ముఖం చతురస్రాలుగా విడిపోయేది అందుకే.

దుకాణంలో కొట్టించిన సీడీల్లో గుంటలుండవు. లేజర్ వేడికి కమిలిన రంగు పొరే అక్కడ రాత. ఎండకూ ఏండ్లకూ ఆ రంగు వెలిసిపోతుంది. పేరు రాసే పైముఖం ఇంకా సున్నితం. సమాచారం దాని కిందే, పలుచని పూత చాటున ఉంటుంది. అక్కడ లోతుగా గీత పడితే ఏ లెక్కా కాపాడదు.

ఒగ్గుకథను ఊరూరా వినిపించిన మాణిక్యపురం చుక్క సత్తయ్య గారు 2017లో వెళ్లిపోయారు. అలాంటి కళాకారుల గొంతులూ, మీ తాత మాటా, మీ అమ్మ పాడిన బతుకమ్మ పాటా మీ ఇంటి అటుక మీది సీడీల్లో ఉండవచ్చు. దించి చూడండి. అంచులు పట్టుకోండి. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తుడవకండి. దారి వెంట పడ్డ గీత ఎక్కువ అక్షరాలను మింగుతుంది. డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఎక్కడ దొరికితే అక్కడ, ఈ నెలలోనే, రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి.