మరల పడినవాడు మరల రావచ్చునా?

సంవత్సరాంతపు జాగరణ కూడికలో కన్నీటితో ఒక పాపమును విడిచిపెట్టి, సంక్రాంతి రాకమునుపే అదే పాపములో పడిన విశ్వాసి మన సంఘములలో అరుదైనవాడు కాడు. అది కోపము కావచ్చును, త్రాగుడు కావచ్చును, రహస్యమైన మోహము కావచ్చును, అప్పుచేసి అబద్ధమాడుట కావచ్చును. మొదటిసారి పడినప్పుడు అతడు దేవుని క్షమాపణనుగూర్చి సందేహింపడు. పదియవసారి పడినప్పుడు, దేవుడు క్షమింపగలడా అనునది అతని ప్రశ్న కాదు. మరల అడుగుటకు నాకు ముఖమున్నదా, ఇన్నిమారులు చెరిగిపోయిన నా మారుమనస్సు అసలు నిజమైనదేనా అనునదే అతని ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు దొరకక ప్రార్థన మానినవారును, ప్రభువు బల్లకు దూరమైనవారును ఉన్నారు.

కలకత్తా మిషను చరిత్రలో ఈ ప్రశ్నను ముఖాముఖిగా మనయెదుట నిలుపు మనుష్యుడొకడు కలడు. విలియం కేరీ పేరు ఎరుగని తెలుగు క్రైస్తవుడు లేడు. ఆయనతోకూడ 1793 నవంబరులో కలకత్తాలో దిగిన వైద్యుడు జాన్ థామస్ పేరు ఎరిగినవారు కొద్దిమందియే. కేరీకి ముందే థామస్ బెంగాలుకు వచ్చి, ఆ భాష నేర్చి, అక్కడి ప్రజలకు సువార్త చెప్పియుండెను. అతని భక్తి కపటమైనది కాదు. అయినను ధనవిషయములో అతడు నిలుకడ లేనివాడు. మొదటి నివాసకాలములోనే అప్పులపాలయ్యెను. తనకు ఆధారముగానున్నవారి సహాయమును పోగొట్టుకొనెను. ఇంగ్లండుకు పోగా అక్కడను ఋణదాతలు వెంబడించిరి. కేరీతో తిరిగివచ్చిన కొద్దివారములలోనే, ఇరువురి పోషణకై తెచ్చిన సొమ్ము అతని చేతిమీదుగా అయిపోయెను. పరదేశములో వ్యాధిగ్రస్తులైన భార్యాబిడ్డలతో కేరీ మానిక్‌తలాలోని ఒక చిన్న ఇంట దిక్కులేక కాలముగడుపవలసివచ్చెను.

ఇట్టివానితో దేవునికి పని యేమియని మనమడుగుదుము. 1800 నవంబరు 25న శ్రీరాంపూర్‌లో కృష్ణపాల్ అను వడ్రంగి స్నానఘట్టమున జారిపడగా అతని చేయి కీలు తప్పెను. దానిని సరిచేయుటకు వచ్చిన వైద్యుడు థామస్. చేయి కట్టుట ముగించి, ఆత్మ స్వస్థతనుగూర్చి కన్నీటితో అతనితో మాటలాడెను. ఆ సంవత్సరమే డిసెంబరు 28న హుగ్లీ నదిలో కేరీ చేతిమీదుగా కృష్ణపాల్ బాప్తిస్మము పొందెను. ఆ మిషనుకు దొరికిన తొలి బెంగాలీ విశ్వాసి అతడే; 1822లో మరణించువరకు సువార్త సేవలో నిలిచెను. అంతకాలము కనిపెట్టిన ఫలమును చూచిన సంతోషమునకు థామస్ మనస్సు తట్టుకొనలేక చలించెను. ఆ బాప్తిస్మదినమున అతనిని ఒక గదిలో నిర్బంధించి యుంచవలసివచ్చెను. కొంత కోలుకొని, 1801 అక్టోబరులో దినాజ్‌పూర్‌లో కన్నుమూసెను.

ఈ చరిత్రనుండి రెండు తప్పుడు తీర్మానములు చేయవచ్చును. దేవుడు అతనిని వాడుకొనెను గనుక అతని తప్పు స్వల్పమైనదనుట మొదటిది. అట్లనువారు మానిక్‌తలాలో కేరీ కుటుంబము పడిన బాధను మరచిపోవుదురు. ఫలము దేవుని కృపకు సాక్ష్యమేగాని మన పాపమునకు యోగ్యతాపత్రము కాదు. కృప విస్తరించునట్లు పాపమందు నిలిచియుండవచ్చునా అను తలంపును రోమా పత్రిక ఆరవ అధ్యాయము ఖండించుచున్నది. మరలమరల తప్పెను గనుక అతని విశ్వాసమే అబద్ధమనుట రెండవది. అదే నిజమైనయెడల మూడుమారులు బొంకిన పేతురు విశ్వాసమును అబద్ధమే కావలెను. సామెతల గ్రంథము 24:16 నీతిమంతుడు పడనేపడడని చెప్పుటలేదు. పలుమార్లు పడియు లేచువాడని చెప్పుచున్నది. పందియు గొఱ్ఱెయు బురదలో పడవచ్చును; పంది అక్కడ విశ్రమించును, గొఱ్ఱె కాపరికై అరచును. పడిన చోట నీకు నెమ్మది లేకపోవుటయే నీవు ఎవరి మందకు చెందినవాడవో తెలుపుచున్నది.

ఎన్నిమారులు క్షమింపవలెనని పేతురు అడిగినప్పుడు, ఏడు చాలునన్న లెక్కను ప్రభువు త్రోసివేసి, ఎవరును లెక్క పెట్టజాలనంతగా దానిని పెంచెను. బలహీనులైన శిష్యులను అంతగా క్షమింపుమన్న యజమానుడు, తానుమాత్రము పదియవసారి తలుపు మూయునా? సేవకునికి విధించిన కొలతకన్న యజమానుని కృప చిన్నదైయుండనేరదు.

అయితే కన్నీరొక్కటే చాలదు. అప్పు తీర్చుటకు ఏడ్పు పనికిరాదు. నెలనెల కొంచెము కొంచెముగా చెల్లించుట పనికివచ్చును. పాత పతనమును ఒక గొప్ప ప్రమాణముతో కప్పివేయ జూచుట మన బలహీనత. ప్రభువు అడుగునది అంతకంటె చిన్నది, అంతకంటె కఠినమైనది. పాపమును దాని పేరుతోనే పిలువుము. పడిన గడియలోనే ప్రార్థనకు రమ్ము, యోగ్యుడవగువరకు కనిపెట్టకుము. యాకోబు 5:16 ప్రకారము నమ్మదగిన ఒక పెద్దతో దానిని ఒప్పుకొనుము. చీకటిలో పెరిగినది వెలుగులో బలహీనమగును. పడిపోవు త్రోవను మూసివేయుము. నీవలన నష్టపోయినవానికి చెల్లింపుము. ప్రభువు బల్లనుగూర్చి పౌలు తన్ను తాను పరీక్షించుకొనుమని చెప్పి, అటుతరువాత దూరముగా పొమ్మనలేదు, పాలుపుచ్చుకొమ్మనెను.

1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రాలయము అగ్నికి ఆహుతియయ్యెను. ఏండ్ల శ్రమతో సిద్ధపరచిన వ్రాతప్రతులు కాలిపోయెను. అచ్చక్షరములు కరిగి ముద్దలాయెను. కాని అక్షరములు పోతపోయు అచ్చులు శిథిలములలో చెడక దొరికెను. కరిగిన ఆ లోహమునే మరల ఆ అచ్చులలో పోసిరి. కాలిన పనిని కేరీ తిరిగి ఆరంభించెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు ఆ ముద్రాలయమునుండి వెలువడెను.

ప్రియ చదువరీ, నీ తీర్మానములు కరిగి ముద్దయైనను, దేవుడు నిన్ను పోతపోయదలచిన అచ్చు చెడిపోలేదు. తన కుమారుని సారూప్యమే ఆ అచ్చు (రోమా 8:29). మరల మొదలుపెట్టుటకు సిగ్గుపడకుము. క్రొత్త సంవత్సరము వచ్చువరకు ఆగనక్కరలేదు. ఈ రాత్రియే మోకరింపుము. పాపములను ఒప్పుకొనువారియెడల దేవుడు నమ్మదగినవాడని 1 యోహాను 1:9 సాక్ష్యమిచ్చుచున్నది. ఆ నమ్మకత్వము నీ నిలుకడమీద కాక ఆయన స్వభావముమీద ఆధారపడియున్నది.