గోవర్ధనం కింద ఏడు రోజులు, మా ప్రాజెక్టులో ఒక శుక్రవారం

 

మొన్నటి వీడియోలో గోవర్ధన లీల చెప్పుకున్నాం కదా. కొండ ఎత్తే ఘట్టానికే టైం అయిపోయింది. ఎత్తక ముందు జరిగింది, దించాక జరిగింది చెప్పనేలేదు. నిజానికి ఈ నెలంతా నా బుర్రలో తిరుగుతున్నవి ఆ రెండే. ఎందుకో తెలియాలంటే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మా ప్రాజెక్టులో ఒక సీనియర్ ఉన్నారు. అందరం అన్నా అనే పిలుస్తాం. పదకొండేళ్లుగా ప్రతి రిలీజూ ఆయన చేతి మీదుగానే జరిగింది. శుక్రవారం రాత్రి ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, 64 వరసలు ఒక్కొక్కటే టిక్ పెట్టుకుంటూ వెళ్లి, చివర్లో డెస్క్ మీద ఉన్న చిన్న వినాయకుడికి దండం పెట్టి ఎంటర్ కొట్టేవారు. దాన్ని ఆటోమేట్ చేసే పని నాకు వచ్చింది. చేశాను, బాగానే చేశాను. రెండు కేటీ సెషన్లు పెట్టాను, నలభై స్లైడ్లు చూపించాను. అన్న మాత్రం వెనక వరసలో కూర్చుని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మౌనం అంగీకారం అనుకున్నా. ఆఖరి సెషన్‌లో అందరి ముందూ, "ఇక ఆ ఎక్సెల్‌తో పనిలేదన్నా, డిలీట్ చేసెయ్యొచ్చు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

గో లైవ్ నెలాఖరు శుక్రవారం పడింది. రాత్రి ఒంటిగంటన్నరకి రిలీజ్ మధ్యలో ఆగిపోయింది. గంటసేపు కొట్టుకున్నాం. ఇక వేరే దారిలేక అన్నకి ఫోన్ చేస్తే మొదటి రింగ్‌కే ఎత్తారు. అంటే నిద్రపోలేదన్నమాట. "41వ వరస చూశావా తమ్ముడూ? నెలాఖరు అయితే ముందు బిల్లింగ్ జాబ్ ఆపాలి" అన్నారు. ఆ వరస నా పైప్‌లైన్‌లో లేదు. ఆయన్ని కూర్చోబెట్టి ఎవరూ అడగలేదు. ఎవరూ ఏమిటి, నేనే అడగలేదు.

తర్వాతి వారం ఆయన పేపర్లు పెట్టేశారు.

ఇప్పుడు వ్రేపల్లెకి వెళ్దాం. భాగవతం దశమ స్కంధంలో గోపాలకులంతా ఇంద్రయాగానికి సామగ్రి సిద్ధం చేస్తుంటారు. దాన్ని మార్చాలని కృష్ణుడు నిశ్చయించుకున్నాడు. అయినా మొదటి మాట ప్రశ్నే. అన్నీ తెలిసినవాడు తండ్రి దగ్గరికి వెళ్లి, వినయంగా, ఇది ఎవరి కోసం నాన్నా, ఎందుకు చేస్తున్నాం, దీనివల్ల ఏం వస్తుంది అని అడుగుతాడు. నందుడు చెప్పిన జవాబు చాలా ముఖ్యం. వానకి దేవుడు ఇంద్రుడు, ఆ వానతో పండినదాంట్లోంచే ఆయనకి పెడుతున్నాం, ఇది తరాలుగా వస్తున్న ధర్మం, వదిలేస్తే మంచిది కాదు. ఆ చివరి ముక్కలో భయం ఉంది, గౌరవమూ ఉంది. కృష్ణుడు అడిగాడు కాబట్టే అది బయటికొచ్చింది. మా అన్న మనసులో ఉన్నది కూడా అలాగే వచ్చేదేమో. నేను స్లైడ్లు మారుస్తూ ఉండిపోయాను.

తర్వాత కృష్ణుడు తన వాదన చెప్తాడు. మనం అడవుల్లో, కొండల్లో బతికేవాళ్లం, మన బతుకు ఆవులతో, కాబట్టి ఆవులకి, బ్రాహ్మణులకి, ఈ కొండకి పూజ చేద్దాం అంటాడు. ఇక్కడే నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఇంద్రుడి కోసం కూడబెట్టిన సంబారాల్లో ఒక్కటి కూడా పారేయమనడు. వాటితోనే ఈ పూజ చేద్దాం అంటాడు. అవే పాలు, అవే పిండివంటలు, అవే చేతులు. నేను డిలీట్ చెయ్యమన్నది మాత్రం ఒక మనిషి పదకొండేళ్లు కూడబెట్టిన సంబారం.

అంతా చెప్పాక చివర్లో, ఇది నా అభిప్రాయం నాన్నా, మీకు నచ్చితేనే చేయండి అంటాడు. భగవంతుడు పర్మిషన్ అడుగుతున్నాడు చూడండి! పూజ రోజున కొండరూపంలో నైవేద్యం తిన్నది ఆయనే, అందరితో పాటు నిలబడి ఆ కొండకి దండం పెట్టిందీ ఆయనే.

ఇదంతా చెప్తే మా ఇంట్లో నాన్న ఒక చురక వేశారు. "ఆయన ఇంద్రుడి గర్వం అణచడానికి చేశాడురా, మీ ఆఫీసు ట్రైనింగ్ కోసం కాదు." నిజమే, భాగవతమూ ఆ మాటే చెప్తుంది. లీలని ప్రాజెక్ట్ ప్లాన్‌లా చదవడం నాకూ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ తనవాళ్లని ఒక పాత నమ్మకంలోంచి బయటికి తెచ్చిన తీరు కళ్లముందే ఉన్నప్పుడు చూడకుండా ఎలా ఉంటాం?

విలియం బ్రిడ్జెస్ అని ఒకాయన 1991లో మేనేజింగ్ ట్రాన్సిషన్స్ అనే పుస్తకం రాశారు. బయట జరిగే మార్పు వేరు, మనిషి లోపల జరిగే ప్రయాణం వేరు అంటారాయన. లోపలి ప్రయాణం ఏదో ఒకటి పోగొట్టుకోవడంతో మొదలవుతుందట, ఆ తర్వాత అటూ ఇటూ కాని కాలం ఒకటి, కొత్తది మొదలయ్యేది దాని తర్వాతే. మనం గో లైవ్ తేదీ ఒక్కటే చూసుకుంటాం.

వ్రేపల్లెలో ఆ మధ్యకాలం ఏడు రోజులు. కొత్త పూజ అయిన వెంటనే రాళ్లవాన. ఇంద్రుణ్ణి కాదన్నందుకే ఇదంతా అని ఎవరికైనా అనిపించదా? కృష్ణుడు వాళ్లకి లాజిక్ చెప్పలేదు. కొండ ఎత్తి, అమ్మా, నాన్నా, అందరూ ఆవులతో సహా దీని కిందికి రండి, పడిపోతుందేమోనని భయపడొద్దు అన్నాడు. ఏడు రోజులు నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. వాన వెలిశాక పిల్లాజెల్లా, బండ్లు, మందలు అన్నీ బయటికి వెళ్లాకే కొండని దాని చోట పెట్టాడు. మేం హైపర్‌కేర్ అని రెండు వారాలు పెట్టుకుంటాం. నేను మూడో రోజే వేరే టికెట్ తీసుకున్నాను.

తర్వాత ఇంద్రుడు ఏకాంతంలో వచ్చి క్షమాపణ అడిగితే, ఆయన పదవి తీసెయ్యలేదు. గర్వం వదిలి నీ పని నువ్వు చేసుకో అని పంపించాడు. మా కథలో గర్వం ఎవరిదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. క్షమాపణ అడగాల్సిందీ నేనే.

వెళ్లాను. క్యాంటీన్‌లో అందరూ ఉండగానే అడిగాను, ఆ మాట అన్నదీ అందరి ముందే కాబట్టి. ఆయన టీ తాగుతూ, "ఎక్సెల్ గురించి కాదు తమ్ముడూ. ఇక్కడ నేనెందుకో నాకే అర్థం కాలేదు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

రెండు వారాలుగా ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నా. 64 వరసల్లో ఒక్కొక్కటి ఎందుకు పుట్టిందో అడిగి రాసుకుంటున్నా. ప్రతి వరస వెనకా ఎప్పుడో ఒక రాత్రి ఏడ్చిన కథ ఉంది. 52 అయ్యాయి. నోటీస్ పీరియడ్ ఇంకా 23 రోజులు ఉంది. పేపర్లు వెనక్కి తీసుకుంటారో లేదో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నిన్న మాత్రం నా స్క్రీన్ వైపు వంగి, "ఏదీ, ఆ 41 ఎక్కడ పెట్టావో చూపించు" అన్నారు. చూపించాను. కాసేపు చదివి, ఒక లైను మార్చమన్నారు.