విడిచిపెట్టిన ఒక్క మాట



ఘోరమైన నేరం జరిగినప్పుడు, దోషికి ఎలాగైనా శిక్ష పడాలన్న ఆతురతతో సత్యంలో కొంత దాచిపెట్టవచ్చునా? ఒక నిజమైన కేసును ఎదుట పెట్టుకొని ఆలోచించుదము.

1991 మే 21 రాత్రి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో, ఎన్నికల సభకు వచ్చిన మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ మానవబాంబు దాడిలో హతులయ్యారు. బందోబస్తులోని పోలీసులతో సహా మరికొందరు ఆయనతోపాటు మరణించారు. బాంబు ధరించిన స్త్రీ అక్కడికక్కడే చనిపోయింది. ఫోటోలు తీస్తున్న యువకుడు కూడా చనిపోయాడు గాని, అతని కెమెరాలోని ఫిల్ము చెడిపోలేదు. దండ చేతబట్టుకొని నిలిచిన ఆ స్త్రీ అందులో కనబడింది. దర్యాప్తుకు ఆ ఫోటోలే దారి చూపినవి. కుట్రను నడిపిన శివరాసన్ ఆగస్టు 20న బెంగుళూరు శివారులోని కోననకుంటెలో, పోలీసులు ఇంటిని చుట్టుముట్టగా, శవమై దొరికాడు.

కనుక బోనులో మిగిలినవారిలో పెక్కుమంది సహాయం చేశారన్న ఆరోపణ మీద పట్టుబడినవారే. చోటిచ్చుట, వస్తువు కొనిపెట్టుట వాటంతటవే హత్యలు కావు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నదే అసలు ప్రశ్న. మనిషి మనస్సులోని సంగతిని రుజువు చేయుటే ప్రాసిక్యూషన్ వారికి అన్నిటికంటె బరువైన పని.

వారు 288 మంది సాక్షులను ప్రవేశపెట్టారు. మామూలు చట్టం ప్రకారం పోలీసుల ఎదుట చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. టాడా చట్టం మాత్రం ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి వ్రాసుకొన్న ఒప్పుకోలును అనుమతించింది. 1998 జనవరి 28న ప్రత్యేక కోర్టు 26 మందికీ మరణశిక్ష విధించింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురికి మరణశిక్ష ఖాయపరచి, ముగ్గురికి యావజ్జీవ శిక్షగా మార్చి, తక్కిన 19 మందిని విడుదల చేయమన్నది.

ఆ నలుగురిలో ఒకడు పేరరివాళన్. అరెస్టయిన నాటికి 19 ఏండ్లవాడు. 9 వోల్టుల బ్యాటరీలు రెండు కొనియిచ్చాడని అతనిమీది ఆరోపణలలో ఒకటి. అవి దేనికో తనకు తెలియదని అతడు చెప్పిన మాటను తాను వ్రాయలేదని, వ్రాస్తే అది ఒప్పుకోలుగా నిలవదనుకొన్నానని, వాంగ్మూలం వ్రాసుకొన్న అధికారియే 2013లో బయటపెట్టారు. మరుసటి ఏడు, క్షమాభిక్ష అర్జీపై జరిగిన జాప్యం కారణంగా అతని మరణశిక్ష యావజ్జీవంగా మారింది. 2022 మే 18న సుప్రీంకోర్టు విడుదల చేసింది. అది నిర్దోషి అన్న తీర్పు కాదు. అతడు నిర్దోషియని నేనూ చెప్పుట లేదు. నా ప్రశ్న ఆ ఒక్క మాటను గూర్చియే.

"చనిపోయినవారి కుటుంబాల కన్నీటి మాటేమి?" అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. అయితే ఆ మాటను దాచుట వలన వారికి కలిగిన మేలేమి? అసలు దోషి ఎవడో నిస్సందేహముగా తెలిసికొనే హక్కు అందరికంటె ముందు వారిదే. దాచిన మాట బయటపడిన దినమున తీర్పు మీది నమ్మకమూ సడలినది. నిందితునికి జరిగిన అన్యాయం వారికి కూడా జరిగినట్లే.

అబద్ధం చెప్పనివాడు సత్యవంతుడని మనము అనుకొంటాము. సగం చెప్పి ఊరకుండుట కూడా అబద్ధమే. మన సంఘ కమిటీలో ఒకనిమీద ఫిర్యాదు తెచ్చినప్పుడు, అతనికి అనుకూలమైన మాటను కూడా మోసుకొని వస్తున్నామా? నేరం ఎంత పెద్దదో, రుజువు చేయువాని జాగ్రత్త కూడా అంత పెద్దదై యుండవలెను.