రెండు విమానముల నడుమ



మనలో అరవై దాటినవారు విమానమెక్కుట ఇప్పుడు వింత కాదు. బెంగుళూరులో, బరంపురములో, షోలాపూరులో, యానాములో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు ఇప్పుడు మెల్బోర్న్ అనియు, డల్లాస్ అనియు, లండన్ అనియు ఇంకా దూరము వెళ్ళుచున్నారు. పురుడు పోయుటకు, మనుమలను చూచుటకు మనము వెళ్ళవలసి వచ్చుచున్నది. టికెట్టు కొంత చౌకగా దొరుకునని పిల్లలు నడుమ ఏదో ఒక ఊరిలో ఎనిమిది గంటలో, పది గంటలో ఆగునట్లు కొనుచున్నారు. ఆ పది గంటలను గురించియే ఈ నాలుగు మాటలు. ఆ గంటలు ఎవరివి? అప్పుడు మనకు యజమాని లేడు, ఇంటి పని లేదు, గడియారము చూచి పిలుచువారు లేరు. ఎట్లు గడిపినను అడుగువారు లేరు. అడుగువారు లేని సమయములో మనము చేయవలసినది ఏమైనా ఉన్నదా, లేదా?

మన భాషలో కాలక్షేపము అను మాట ఉన్నది. క్షేపము అనగా విసరివేయుట. బడిలో పిల్లలకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు. కాని దాని అర్థము మాకు తెలిసినది మాత్రము సింగపూరులోని చాంగీ విమానాశ్రయములోనే.

2023 నవంబరులో మేమిద్దరము కుమారుని యొద్దకు బెంగుళూరు నుండి సింగపూరు మీదుగా మెల్బోర్న్ వెళ్ళాము. చాంగీలో తొమ్మిది గంటలు ఆగవలసి వచ్చినది. విమానముల పట్టిక కనబడు చోట రెండు కుర్చీలు చూచుకొని, చేతిసంచులు కాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చున్నాము. ఒకరు లేచినప్పుడు మరొకరు కాపలా. కాఫీ ధరను రూపాయలలోనికి మార్చి చూచి దాహము చంపుకొన్నాము. కొంత దూరములో సీతాకోకచిలుకల తోట ఉన్నదని, ఉచితముగా సినిమా చూపు గది ఉన్నదని, కాళ్ళు చాచుకొని పడుకొను కుర్చీలున్నవని తరువాత ఎవరో చెప్పగా విన్నాము. లేచి చూచినది లేదు.

అందుకు మాకు చింత లేదు. చింత మరియొకటి ఉన్నది. మాకు రెండు కుర్చీల అవతల డెబ్బది దాటిన ఒక పెద్దమ్మ కూర్చున్నది. నేత చీర, పైన స్వెట్టరు, చేతిలో నాలుగు మడతల కాగితము. ఆ కాగితము మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరములతో ఎవరో వ్రాసియిచ్చినది మాకు కనబడుచునే ఉన్నది. ఆమె దానిని చదువును, పట్టిక వైపు చూచును, మా వైపు చూచును. మేము మనవారమని ఆమె గుర్తు పట్టినది. మేము ఆమెను గుర్తు పట్టితిమి. అయినను మేము ఫోనులోనికి తలవంచుకొన్నాము. పలుకరించితే లేచి ఎక్కడికైనా తీసికొనిపొమ్మనునేమో, మన సంచులు ఎవరు చూతురు, మన విమానము తప్పిపోవునేమో అని మా భయము. ఇంకా నాలుగు గంటల సమయమున్నది! కొంతసేపటికి ఒక ఉద్యోగిని పరుగున వచ్చి, పెద్దమ్మ పేరు పిలిచి, చేయి పట్టుకొని వేగముగా తీసికొనిపోయినది. ఆమె వెళ్ళవలసిన గేటు మారినదని ఆ మాటలలో అర్థమైనది. ఆ విమానము ఆమెకు దొరకినదో లేదో మాకు తెలియదు. ఎప్పటికిని తెలియదు.

మేము చిన్నతనములో ఇట్లు పెరుగలేదు. మా నాన్నగారు కోలారు బంగారు గనులలో పనిచేసిరి. ఒంగోలు దగ్గరి స్వంత ఊరికి వెళ్ళవలెనంటే ఊరిగాంలో బండి ఎక్కి, బంగారుపేటలో దిగి, జోలార్‌పేటలో మరల మారి, మద్రాసు సెంట్రలులో రాత్రంతా పడిగాపులు పడవలెను. ఆ ప్లాట్‌ఫారముల మీద దుప్పటి పరచుకొన్న అరగంటకు ప్రక్కవారి ఊరేదో, వారి పిల్లలెందరో అమ్మకు తెలిసిపోవును. మా పులిహోర వారికి, వారి మురుకులు మాకు. ఎవరైనా నీళ్ళకు వెళ్ళితే వారి మూటలు మేము చూచెదము. ఆ రోజులలో మనము గొప్ప పుణ్యాత్ములమని చెప్పుట లేదు. అందరము ఒకే బండికి భయపడుచుంటిమి, ఒకరి అవసరము ఒకరికి ఉండెను. ఇప్పుడు చేతిలో ఫోను, జేబులో బోర్డింగ్ పాసు ఉన్నవి గనుక ఎవరితోను పని లేదనుకొనుచున్నాము. మా పని జరిగిపోయినది. పెద్దమ్మ పని నిలిచిపోయినది.

2024 ఫిబ్రవరిలో తిరిగి వచ్చునప్పుడు అదే చాంగీలో పది గంటలు. ఈసారి మా ఇంటావిడ ముందే చెప్పినది, “ఏమండీ, మరల ఆ కుర్చీలకు కాపలా కాయుటకు నేను రాను.” మన దేశపు పాస్‌పోర్టు గలవారికి సింగపూరు వీసా కావలెను. అయితే ఆస్ట్రేలియా, అమెరికా వంటి కొన్ని దేశముల వీసా చెల్లుబాటులో ఉండి, ముందుకు పోవు టికెట్టు చేతిలో ఉన్నవారిని 96 గంటల వరకు వీసా లేకయే లోపలికి వచ్చుటకు అనుమతించు పద్ధతి ఉన్నది. అనుమతి ఇచ్చుట మాత్రము ఇమ్మిగ్రేషన్ అధికారి చేతిలోని పని. రాక వివరముల కార్డు ముందే ఇంటర్నెట్టులో నింపవలెను. మా కుమారుడు అది నింపి పంపినాడు. పెద్ద సామాను తిన్నగా బెంగుళూరుకే పోవును గనుక చేతిసంచులతో బయటికి వచ్చాము.

విమానాశ్రయమునకు దగ్గరలోనే చాంగీ చాపెల్ అండ్ మ్యూజియం ఉన్నదని కుమారుడు చెప్పియుండెను. టాక్సీలో అక్కడికి వెళ్ళాము. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైనది. అటు తరువాత 1945 వరకు, అనగా మూడున్నర సంవత్సరములు, వేలాది యుద్ధఖైదీలను, పౌరులను బంధించి, ఖైదీలను మొదట చాంగీ సైనిక శిబిరములలోను, పౌరులను మొదట చాంగీ జైలులోను ఉంచిరి. ఖైదీల చేతనే 1943, 44 సంవత్సరములలో అక్కడ విమానములు దిగు బాట వేయించిరి. ఇప్పుడు లోకమంతటి ప్రయాణికులు ఆవులించుచు కూర్చుండు విమానాశ్రయము 1981లో తెరువబడినది ఆ ప్రాంతములోనే.

వారికి పట్టిక లేదు, గేటు నంబరు లేదు. ఏనాడు పిలుపు వచ్చునో, అసలు వచ్చునో రాదో తెలియదు. అట్టివారు తమ సమయమును ఏమి చేసిరో చదివి మేము నిలిచిపోయాము. చదువుకొన్న సైనికులు తక్కినవారికి తరగతులు పెట్టిరి. దానికి చాంగీ యూనివర్సిటీ అని పేరు కూడ పెట్టుకొనిరి. స్టాన్లీ వారెన్ అను ఆంగ్ల సైనికుడు జబ్బుతో ఆసుపత్రిగా మార్చిన భవనములో ఉండి, లేచి నిలువబడగలిగినప్పుడెల్ల కొంత కొంతగా గోడల మీద అయిదు పెద్ద చిత్రములు వేసెను. రంగులు ఎక్కడివి? తోటి ఖైదీలు సైనిక వాహనములకు పూయు రంగును, బిలియర్డు ఆటలో కర్రకు రుద్దు నీలి సుద్దను వెదకి తెచ్చియిచ్చిరి. మొదటి చిత్రము 1942 క్రిస్మసుకు సిద్ధమైనది. తన ప్రక్క మంచముల మీది రోగులు చూచుటకే అతడు వాటిని వేసెను.

జైలులోని స్త్రీల సంగతి మా ఇంటావిడను ఎక్కువగా కదిలించినది. ఎథెల్ మల్వనీ అను కెనడా స్త్రీ పూనుకొనగా వారు మూడు బొంతలు కుట్టిరి. ఒక్కొక్క బొంతకు 66 గుడ్డముక్కలు. ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క స్త్రీ తన పేరును, తనకు తోచిన బొమ్మను దారముతో కుట్టెను. వేరు శిబిరములలో ఉన్న భర్తలు ఆ బొంతలలో తమ భార్యల పేర్లు చూచి, బ్రదికియున్నారని తెలిసికొనవలెనని వారి ఆలోచన. ఆ మూటిలో ఒకటి గాయపడిన జపాను సైనికుల కొరకని చెప్పి కుట్టినది.

అక్కడినుండి తిరిగి వచ్చుచు టాక్సీలో మేమిద్దరము వాదించుకొన్నాము. “మనము ఖైదీలము కాము, ప్రయాణికులము. వారి కష్టముతో మన పది గంటలను పోల్చుట తగునా?” అని మేము అడిగాము. “కష్టమును పోల్చవద్దు. తీరిక ఎవరి కొరకు వాడిరో అది చూడండి,” అని ఆమె జవాబు. మేము వెంటనే ఒప్పుకొనలేదు. ఊరు చూచుట, కాళ్ళు చాచి నిద్రించుట, మంచి కాఫీ త్రాగుట ఇవన్నియు స్వార్థమా? అట్లయిన మనము ఆ మ్యూజియమునకు వెళ్ళుట కూడ స్వార్థమే కావలెను. ఆమె కొంతసేపు ఆలోచించి, “మొదటిసారి మనము ఏ సుఖము పడితిమి? ఏమియు చూడలేదు, ఏమియు తినలేదు. అయినను ఆ పెద్దమ్మకు ఏమి ఒరిగినది?” అన్నది.

ఆ మాట మాకు ఈనాటికిని సరిగా తోచుచున్నది. సుఖము మానుకొన్నంత మాత్రమున మన సమయము ఇతరులది కాదు. పిసినారి డబ్బును దాచినట్లు మేము ఆ తొమ్మిది గంటలను దాచాము. తినలేదు, పెట్టలేదు. విశ్రమించువాడు తన దేహమునకు ఇచ్చుచున్నాడు. ఊరు చూచువాడు ఆ ఊరివారి శ్రమకు గౌరవమిచ్చుచున్నాడు. ఇవి తప్పు కావు, మంచివే. తప్పు ఎక్కడనగా, “ఈ సమయము నాది, దీనిలోనికి ఎవరును రాకూడదు” అని తలవంచుకొనుటలో ఉన్నది. ఇంటియొద్ద మన మంచితనమునకు సాక్షులున్నారు. సంఘములో మనము పెద్దలము, వీధిలో మాస్టరుగారము. పరదేశపు విమానాశ్రయములో మన పేరు ఎవరికిని తెలియదు. అక్కడ మనము ఎట్లుందుమో అదే మన అసలు కొలత కావచ్చును. ఆ కొలతలో మేము తక్కువ తూగితిమని ఒప్పుకొనుచున్నాము.

ఇక ప్రయాణము కట్టువారికి కొన్ని సంగతులు. ఆరు గంటలకు తక్కువ సమయముంటే ఊరిలోనికి పోవు ఆలోచన వద్దు. బయటికి వెళ్ళినను విమానమునకు మూడు గంటల ముందే తిరిగి చేరవలెను. నియమములు మారుచుండును గనుక బయలుదేరకముందే పిల్లల చేత కనుక్కొనవలెను. చాంగీలో అయిదున్నర గంటలు మొదలు 24 గంటల లోపు ఆగువారికి రెండున్నర గంటల ఉచిత నగర యాత్ర కూడ ఉన్నది. దానికి కూడ లోపలికి వచ్చు అర్హత కావలెను. 2019లో తెరచిన జ్యువెల్ అను భవనములో 40 మీటర్ల ఎత్తునుండి పడు జలపాతము ఉన్నది. అది కూడ ఇమ్మిగ్రేషన్ దాటిన తరువాతనే. మోకాళ్ళు సహకరించనివారు లోపలనే తోటలు చూచి, పడుకొను కుర్చీలలో విశ్రమించవచ్చును. మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండవలెను. గేటు మారునని గుర్తుంచుకొని గంటకొకసారి పట్టిక చూడవలెను.

వీటికి మరియొకటి చేర్చుచున్నాము. ఒంటరిగా కూర్చున్న పెద్దవారు కనబడితే, “ఎక్కడికి వెళ్ళుచున్నారండీ?” అని ఒక్కసారి అడుగవలెను. అంతకంటె ఏమియు అక్కరలేదు.

ఆనాటి సాయంకాలము మేము అట్లే అడిగాము. బెంగుళూరు గేటు దగ్గర కఱ్ఱ పట్టుకొని కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళి, “అయ్యా, తమకు ఏమైనా సహాయము కావలెనా?” అన్నాము. ఆయన కళ్ళజోడు సవరించుకొని, తాను కుమార్తె ఇంటికి ఏడవసారి వెళ్ళి వచ్చుచున్నానని చెప్పి, తాగునీళ్ళు ఎక్కడ ఉచితముగా దొరుకునో, విమానములో ఏ వరుస కుర్చీలలో కాళ్ళకు చోటెక్కువో మాకే పాఠము చెప్పెను. మా ఇంటావిడ నవ్వు ఆపుకొనలేకపోయినది. మేమును నవ్వాము. కాని ఆయనను పలుకరించుట వలన పెద్దమ్మ బాకీ తీరలేదు. ఆమెకు ఇవ్వవలసినది ఆమెకే ఇవ్వవలసియుండెను. ఆమె ఎక్కడనున్నదో మాకు తెలియదు.

గనుక మీకు వ్రాయుచున్నాము. మీ సంఘములో ఎవరైనా పెద్దవారు మొదటిసారి ఒంటరిగా విమానమెక్కుచున్నారని తెలిసినయెడల, ఇదివరకు వెళ్ళివచ్చినవారు ఒక పూట వారి ఇంటికి వెళ్ళి, కూర్చుండబెట్టి, పట్టిక చూచుట, గేటు వెదకుట, ఎవరిని ఎట్లు అడుగవలెనో అన్నియు నేర్పుడి. కాగితము మీద వ్రాసియిచ్చినది చాలదు. మేము కన్నులారా చూచాము.